భుజం దించడానికి నాకు రెండేళ్ళు పట్టింది

మా బొబ్బిలిలో నా జబ్బు గురించి చెప్పుకునే కథ ఒకటుంది. వీణ టీచరమ్మ చెయ్యి పడిపోయిందట, మందులకు లొంగలేదట, యోగా శిబిరంలో చేరి నలభై రోజులు దీక్షగా ఆసనాలు వేస్తే చెయ్యి గాల్లోకి లేచిందట. ఈ కథకు సాక్ష్యంగా బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ కూడా కట్టారు. అందులో నేను రెండు చేతులూ పైకెత్తి, నోరంతా తెరిచి నవ్వుతుంటాను. పక్కన యోగాచార్యులవారు కాషాయం చుట్టుకుని కళ్ళు మూసుకుని ఉంటారు.

కళ్ళు మూసుకోవడమే మంచిది. ఆ ఫోటో నా జబ్బుకు ముందు సంవత్సరం మా తోటికోడలి కూతురి పెళ్ళిలో అక్షింతలు వేస్తుంటే తీసింది. పెళ్ళికూతుర్ని కత్తిరించి పారేసి నా చేతులు మాత్రం ఉంచుకున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే నా కుడి గుప్పిట్లోంచి బియ్యపు గింజలు రాలుతూ కనిపిస్తాయి. ఊళ్ళో ఇంతమంది అటూ ఇటూ తిరుగుతారు, ఒక్కరికీ ఆ గింజలు కనిపించలేదు. పైగా నన్ను ఆపి, "ఏ ఆసనం వేశారు మేడం?" అని అడుగుతారు. చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకే రాస్తున్నాను.

నాకు యాభై రెండేళ్ళు. మా నాన్నగారు వీణ నేర్పేవారు, వారి తండ్రీ నేర్పేవారు, ఇప్పుడు నేను నేర్పుతున్నాను. అన్నం తినడానికి, సంతకం పెట్టడానికి కుడి చెయ్యి చాలు. కానీ వీణకు ఎడమ చెయ్యి పొడవాటి దండి కింద నుంచి వెళ్ళి మెట్ల మీద వాలాలి. అది వాలకపోతే నేను ఇంకెందుకూ పనికిరాను. ఈ రెండేళ్ళూ నన్ను తిన్న భయం అదొక్కటే.

మొదట తేడా తెలిసింది ఒక మంగళవారం ఉదయం పాఠంలో. ఎదురుగా ఆరుగురు ఆడపిల్లలు. వర్ణం నడుస్తోంది. ఎడమ చేతిని ఆ చివర సొరబుర్ర వైపున్న మెట్ల దగ్గరికి జరిపాను. భుజంలో మేకు దిగగొట్టినట్టయింది. వేలు తీగ మీంచి జారిపోయింది. తాళం తప్పింది నేను. తిట్టింది మాత్రం ఎదురుగా ఉన్న శ్రావ్యని. "ధ్యాస ఎక్కడుందే నీకు?" అన్నాను. శ్రావ్య మా బజారులో బట్టల కొట్టువారి అమ్మాయి, పన్నెండేళ్ళది. దించిన తల మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత ఒక్కొక్కటే పోయాయి. చెయ్యి వెనక్కి వెళ్ళక జడ వేసుకోవడం పోయింది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం పోయింది. అటక మీద డబ్బా దించడం పోయింది. మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. వేళ్ళు తెగి రక్తం వస్తే కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ సాధనకు కూర్చునే ఇంట్లో పెరిగాను. "నొప్పి లేకుండా వీణ వస్తుందా?" అని ఎందరు పిల్లల్ని గదమాయించానో లెక్కలేదు.

చెప్పాక తెలిసింది, మా వీధిలో వైద్యులు కానివారు లేరని. ఒకావిడ ఆవనూనె అంది. ఒకావిడ వేయించిన ఉప్పు మూట అంది. ఎదురింటాయన రాగి కడియం తెచ్చి చేతికి తొడగబోయాడు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే మా ఆయనకు వైద్యం రాదు కాబట్టి ఉపాయం చెప్పారు.

"కొన్నాళ్ళు ఆ వీణ గోడకి చేరెయ్యకూడదూ?"

"చేరెయ్యడానికి అదేమన్నా మీ గొడుగా?" అన్నాను.

విజయనగరంలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన తలెత్తకుండా రాసుకుంటూనే అడిగాడు. "షుగర్ ఉందా?"

"లేదు."

"చేయించుకున్నారా?"

"లేదు."

"మరి లేదని ఎలా చెబుతున్నారు?"

నాకు ఒళ్ళు మండింది కానీ ఆయన అడిగింది న్యాయమే. ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదు. రక్తపరీక్షలు చేశారు, షుగర్ ఉంది. బాగానే ఉంది. నా చెయ్యి పట్టుకుని పక్కకు తిప్పబోతే కొంచెం దూరం వెళ్ళి తలుపు గడియ పడ్డట్టు ఆగిపోయింది. "అడ్హెసివ్ కాప్సులైటిస్, కీలు బిగుసుకుపోవడం. ఫ్రోజెన్ షోల్డర్. షుగర్ ఉన్నవాళ్ళకి ఎక్కువగా వస్తుంది," అన్నాడు మళ్ళీ రాసుకుంటూ.

"ఎన్నాళ్ళకి తగ్గుతుంది?"

"ఏడాదిన్నర, రెండేళ్ళు. చాలామందికి దానంతటదే తగ్గుతుంది."

"దానంతటదే తగ్గేదానికి మరి మీరెందుకు?"

అప్పుడు తలెత్తాడు. షుగర్ మందులు రాశాడు, భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాడు, ఫిజియోథెరపీ చేయించుకోమన్నాడు. రెండు వారాలు హాయిగా నిద్రపోయాను. షుగర్ మాత్రం చెట్టెక్కి కూర్చుంది. మూడో వారం నొప్పి పుట్టింటికి వచ్చినట్టు తిరిగొచ్చింది. ఫిజియోథెరపీ సంగతి డాక్టరూ నేనూ ఇద్దరం మర్చిపోయాం.

ఆ రోజుల్లోనే కల్యాణమండపంలో యోగా శిబిరం పెట్టారు. రెండు వందల చాపలు, నాలుగు స్పీకర్లు, వేదిక మీద మైకు పట్టుకుని ఆచార్యులవారు. అంత గట్టిగా అరుస్తూ ప్రశాంతత నేర్పిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు. "శరీరం అబద్ధం చెబుతుంది! నొప్పి అనేది మీ భయం బయటికి పోవడం! పోనివ్వండి!" అనేవాడు. నా దగ్గరికి వచ్చి, ఎవరినో తెలుసుకుని, "మీరు సంగీతం మనుషులు తల్లీ, సాధనంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?" అన్నాడు.

ఆ ఒక్క మాటకు పడిపోయాను. బీయే చదివి, డిప్లొమా చేసి, ఊళ్ళో అందరి మాటలూ దులిపి ఆరేసే నేను, ఒక్క పొగడ్తకు లేగదూడలా మెడ చాచాను. ఆయన నా ఎడమ చేతిని వీపు వెనక్కి మడిచి, పై నుంచి వచ్చిన కుడి చేతితో కలపడానికి లాగేవాడు. రోజూ లాగేవాడు. కళ్ళమ్మట నీళ్ళు కారేవి. "అదీ! పోతోంది, పోతోంది!" అనేవాడు. పక్క చాపల వాళ్ళు చప్పట్లు కొట్టేవారు. పదకొండో రోజు లోపల తడిగుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. ఆ రోజుతో నా నలభై రోజుల దీక్ష ముగిసింది.

మళ్ళీ విజయనగరం. ఈసారి ఎమ్మారై. "ఫ్రోజెన్ షోల్డర్ మీద ఇప్పుడు టెండన్‌కి పార్షియల్ టేర్ కూడా ఉంది, కొంత చిరిగింది. ఎవరు లాగారు?" అన్నాడు డాక్టరు.

"యోగాలో."

"మీరెందుకు లాగనిచ్చారు?"

"వీణ మళ్ళీ వాయించగలనా?" అని అడిగాను. "ఇప్పుడే చెప్పలేను," అన్నాడు. ఇంటికొచ్చి వీణకు గుడ్డ కప్పేశాను. పిల్లలకు నోటితో పాడి చెప్పడం మొదలుపెట్టాను. పెద్ద పిల్ల ఒకతి నా బదులు వాయించి చూపించేది.

డాక్టరు ఈసారి ఫిజియోథెరపీ మర్చిపోనివ్వలేదు. నెల్లిమర్లలో ఒకరున్నారని చీటీ రాశాడు. పేరు సింహాచలం. మగవాడనుకుని వెళ్ళాను. మా వైపు ఆ పేరు ఆడవాళ్ళకీ ఉంటుందని మర్చిపోయినందుకు నన్ను నేనే తిట్టుకోవాలి. నలభై ఏళ్ళ మనిషి, విశాఖలో చదువుకుని ఆసుపత్రిలో పనిచేసి వచ్చింది. ఒక గది, నేల మీద దుప్పటి, రెండు దిళ్ళు. మిషన్లు లేవు, మైకు లేదు. నేను నిరాశపడ్డాను.

"పడుకోండమ్మా. మోకాళ్ళు మడవండి. ఇప్పుడు ఎడం సెయ్యి ఎత్తాలనుకోండి. ఎత్తకండి, అనుకోండి సాలు. ముందు ఏటి కదిలిందో సెప్పండి."

"ఎత్తకుండా కదిలేదేమిటి?"

"మల్లీ అనుకోండి."

"ఏమీ కదల్లేదు."

"దవడ బిగిసినాది," అంది. "సెయ్యి పన్లోకి దిగకముందే దవడ దిగిపోతన్నాది. ఊపిరి కూడా ఆపేస్తన్నారు. సెయ్యెత్తడానికి దవడెందుకమ్మా? దాన్ని ఒగ్గీండి."

ఒగ్గీడమంటే మా వైపు వదిలెయ్యడం. ఆ గంటలో ఆమె ఆ మాట ముప్పైసార్లు అనుంటుంది. దవడ ఒగ్గీండి. నాలిక ఒగ్గీండి. బొటనవేలు ఎందుకు బిగించినారు, ఒగ్గీండి. చివరికి నాకు చిర్రెత్తింది.

"పడుకోవడానికి బస్సెక్కి నెల్లిమర్ల రావాలా? మా ఇంట్లో మంచం లేదనా?"

"ఉన్నాదమ్మా. ఆ మంచమ్మీద తవరు పడుకోరు, తవరి కోపం పడుకుంటాది."

రెండోసారి వెళ్ళినప్పుడు ఏం చేస్తుంటానని అడిగింది. "మా నాన్న జూటు మిల్లులో పనిసేసీవోడు. మిషను ఏ పక్కుంటే మనిసి ఆ పక్కకే వొరిగిపోతాడు. ఎవుడు ఏ మిషను మీద సేస్తాడో మా ఈదిలో నడక సూసి సెప్పీసీవోళ్ళం. తవరిది ఏటి మిషను?"

"వీణ."

"అదే మరి."

గభాలున లేచి కూర్చున్నాను, భుజం అరిచింది. "సరస్వతీదేవి చేతిలో ఉండేది నీకు మిషనా?"

"ఆ తల్లికి నాలుగు సేతులమ్మా," అంది నింపాదిగా. "తవరికి రొండే."

చెప్పులు వేసుకుని వచ్చేశాను. మూడు వారాలు వెళ్ళలేదు. నాకు నేనే వైద్యం చేసుకుందామని ఒక ఉదయం గుడ్డ తీసి వీణ ఒళ్ళో పెట్టుకున్నాను. చెయ్యి దండి కిందకు వెళ్ళలేదు. నడుం తిప్పాను, మెడ వంచాను, కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని లాగాను. ఆచార్యులవారు చేసిన పనే నేనూ చేశాను. చివరికి వేళ్ళు ఒక మెట్టు మీద వాలాయి కానీ తీగను నొక్కే సత్తువ వాటిలో లేదు. ఆ రోజు మా ఆయన నన్ను చూసి ఏ ఉపాయమూ చెప్పకుండా కాఫీ పెట్టి ఇచ్చారు. అంత ఘోరంగా ఉన్నాను.

మళ్ళీ నెల్లిమర్ల వెళ్ళాను. సింహాచలం తలుపు తీసింది. దుప్పటి పరిచింది.

అప్పటినుంచి నెలల తరబడి నేను చేసింది చెబితే నవ్వుతారు. గోడ మీద అరచెయ్యి ఆనించి, ఊపిరి వదులుతూ వేలెడంత పైకి జరపడం. దవడ బిగిస్తే ఆగడం. నొప్పి మొదలయ్యే చోటుకు ముందే ఆగడం. రెండు ఊపిర్లు తీసుకుని వెనక్కి రావడం. కళ్ళు మూసుకుని కుడి భుజం ఎక్కడుంది, ఎడమ భుజం ఎక్కడుంది, దేని కింద నేల తగులుతోంది అని చూసుకోవడం. "ఇంకొంచెం వెళ్తుంది," అంటే, "వెల్తాది. వద్దు," అనేది. "బేగి తగ్గాలంటే బేగి సెయ్యకూడదమ్మా." నా జీవితంలో నాకు వద్దని చెప్పిన మొదటి టీచరు ఆమె. మిగతా అందరూ ఇంకా ఇంకా అన్నవాళ్ళే. అందులో మొదటి వరసలో నేనున్నాను.

ఒకరోజు స్టూలు మీద కూర్చోమంది. "ఒళ్ళో వీణ ఉన్నాదనుకోండి," అంది. వెనక నుంచి ఫోన్లో ఫోటో తీసి చూపించింది. నా ఎడమ భుజం కుడి భుజం కన్నా బెత్తెడు పైకి, చెవికి చాడీలు చెబుతున్నట్టు ఉంది.

"దించండి," అంది.

"దించే ఉంది," అన్నాను.

ఫోటో మళ్ళీ చూపించింది. పక్కగదిలో తంబురా శ్రుతి వెంట్రుకవాసి జారితే ఇక్కడి నుంచి అరిచి చెప్పగలను. నా ఒంటి మీద బెత్తెడు తేడా నలభై ఏళ్ళు మోశాను, తెలియలేదు. "ఇది జబ్బు వల్లేనా?" అని అడిగాను.

"జబ్బు ఏరు, అలవాటు ఏరు. జబ్బొచ్చి అలవాటు మీద కూకున్నాది."

ఆ వారంలోనే శ్రావ్య తల్లి మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది. "మేడం, మా గుంట ఎడం జబ్బ నొప్పంటన్నాది. కొట్లో గుడ్డ తాను అందీమన్నా అందీట్లేదు. వీణ మానిపించీమంటారేటి?"

"వీణ వల్ల ఎవరికీ..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. "సాయంత్రం పంపించండి," అన్నాను.

సాయంత్రం ఆరుగురూ వచ్చారు. వీణలు పక్కన పెట్టి ఊరికే కూర్చోమన్నాను. వాళ్ళ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఆరు ఎడమ భుజాలు. చిన్నదానిది కొంచెం, పెద్దదానిది బెత్తెడు. ఏ ఒక్కరికీ నేను చెప్పి చేయించలేదు. నన్ను చూసి నేర్చుకున్నారు, శ్రద్ధగా, తు.చ. తప్పకుండా. కచేరీల్లో పెద్దలు అనేవారు, "వెనక నుంచి చూసినా చెప్పేయొచ్చమ్మా, వీళ్ళు మీ శిష్యులని. ఆ కూర్చునే తీరే మీ బాణీ." నేను పొంగిపోయేదాన్ని.

శ్రావ్యను అడిగాను. "ఎన్నాళ్ళ నుంచే నొప్పి?"

"ఏడాది నుంచి మేడం."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే తిడతారని."

యోగాచార్యుణ్ణి తిట్టిన తిట్లన్నీ నాకు గుర్తొచ్చాయి. ఆయన పదకొండు రోజులు లాగాడు. నేను ఏడాది లాగాను. ఆయనకైనా స్పీకర్ల చప్పుడులో నా ఏడుపు వినిపించలేదనుకోవచ్చు. ఈ పిల్ల నాకు రెండు మూరల దూరంలో కూర్చుంది.

ఆ భుజం మా ఇంట్లోకి ఎలా వచ్చిందో తేల్చుకోవాలని చీపురుపల్లిలో ఉన్న మా మేనత్త దగ్గరికి వెళ్ళాను. మా నాన్నగారి చెల్లెలు, ఎనభై దాటింది, వినికిడి తగ్గింది కానీ జ్ఞాపకం తగ్గలేదు.

"అది మీ నాన్నదే," అంది తడుముకోకుండా. "పదిహేనేళ్ళప్పుడు జీడిచెట్టు మీంచి పడ్డాడు కదే. జబ్బ దగ్గర ఎముక విరిగిపోయింది. కట్టు కట్టినవాడు వంకరగా కట్టీసాడు. భుజం దించితే సలుపు. అందుకని ఎత్తే ఉంచీవాడు. వాయించినన్నాళ్ళూ అంతే."

"మరి తాతయ్య?"

"మా నాన్న భుజాలు పలకలాగ తిన్నగా ఉండీవి."

"అందరూ ఇది మన బాణీ అంటారే?"

"అందరికీ ఏటి తెలుసు? విరిగినోడికి తెలుసు."

ఇప్పుడు నా పరిస్థితి చెబుతాను. చెయ్యి తల పైకి లేస్తుంది. వీపు వెనక్కి పూర్తిగా పోదు, జడ మా ఆయనే వేస్తారు, వంకరగా వేస్తారు. షుగర్ మందుల మాట వింటోంది. ఎడమ చెయ్యి దండి కింద నుంచి వెళ్ళి మెట్ల మీద వాలుతోంది. భుజం దించి వాయిస్తే గమకం కొంచెం నెమ్మదిగా పలుకుతోంది, నిండుగా కూడా ఉంది. మొన్న ఒక పెద్దాయన విని, "మీ నాన్నగారి బాణీ పోయిందమ్మా," అని బాధపడ్డాడు. "ఆయన విరిగిన ఎముక ఒక్కటే పోయిందండీ," అన్నాను. ఆయన మళ్ళీ మా ఇంటికి రాలేదు. సంతోషం.

చెయ్యి లేచిన ఘనత కోసం పోటీ బాగానే ఉంది. "చెప్పాను కదా, దానంతటదే తగ్గుతుందని," అన్నాడు డాక్టరు. ఎదురింటాయన కడియం వల్లే అంటాడు. ఫ్లెక్సీ సంగతి మీకు తెలుసు. సింహాచలం ఒక్కతే ఆ పోటీకి రాలేదు. "తగ్గినాదా? మంచిదే. రేపు మల్లీ సూసుకోండి," అంది. దేనివల్ల తగ్గిందో నాకు నిజంగా తెలియదు. తెలుసని చెప్పేవాళ్ళను నమ్మను. దవడ బిగుస్తోందని తెలుసుకోవడం మాత్రం దానంతటదే రాలేదు.

నా పాఠంలో ఇప్పుడు మొదటి పావుగంట వీణలుండవు. పిల్లలు చాపల మీద పడుకుంటారు. ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదిలిందో ఎవరిది వారు చెబుతారు. మొదట్లో అబద్ధాలు చెప్పేవారు, నన్ను సంతోషపెట్టడానికి. ఇప్పుడు, "ఇక్కడ నొప్పి మేడం, నేను ఆపేస్తాను," అంటున్నారు. అలా అన్న ప్రతిసారీ నాకు ఇంకా ఒక్క క్షణం ఒళ్ళు మండుతుంది, ఆ మంటను చూసుకుని ఊరుకుంటాను. ఒక తల్లి వచ్చి, "వీణ నేర్పమని పంపితే పడుకోబెడతన్నారేటి మేడం?" అని అడిగింది. "వీణ కావాలంటే కొట్లో దొరుకుతుంది," అన్నాను. శ్రావ్య మానలేదు. భుజం సగం దిగింది.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. యోగా గురువు కానివ్వండి, ఫిజియో కానివ్వండి, డాక్టరు కానివ్వండి, మీ ఒంటి మీద చెయ్యి వేసే మనిషి, "ఇక్కడ ఎలా ఉంది?" అని అడిగి, మీరు చెప్పిన చోట ఆగుతున్నారో లేదో చూడండి. ఆగకపోతే చాప చుట్టుకుని ఇంటికొచ్చేయండి. అందరూ చూస్తున్నారని, పెద్దమనిషి ఏమనుకుంటాడోనని ఉండిపోకండి. నేను ఉండిపోయాను.

మా నాన్నగారు ఇప్పుడు లేరు కాబట్టి నా ప్రశ్నకు జవాబిచ్చేవాళ్ళు లేరు. అయినా అడుగుతాను. నాకు ఎనిమిదేళ్ళప్పటి నుంచీ రోజూ రెండు పూటలా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. విరగని నా భుజం ఆయన విరిగిన భుజంలా మెల్లమెల్లగా ఆయన కళ్ళెదుటే పైకి లేచింది. దించమని ఒక్కసారీ అనలేదు. ఆయన దాన్ని చూడనే లేదా, చూసి కూతురు తన పోలికేనని మురిసిపోయారా?